రెండు తొవ్వల సారు

ఫంక్షన్‌హాళ్లలో ఇప్పుడు అన్నీ పెడుతున్నారు. ఏసీలు పెడుతున్నారు, ఫౌంటెన్ పెడుతున్నారు, కొత్తజంట మబ్బుల్లోంచి నడిచొచ్చినట్టు కనబడాలని పొగ మిషన్ పెడుతున్నారు. చెప్పులు విడిచేచోట ఒక చెక్క అర మాత్రం పెట్టరు. మొన్న కోరుట్లలో భోజనం చేసి బయటికి వస్తే నా చెప్పులు లేవు. మిగిలినవాటిలో నా పాదాలకు పట్టినవి రెండూ ఎడమకాలివే. వాటితోనే జగిత్యాల దాకా బస్సులో వచ్చాను. ఎవరూ గమనించలేదు. గమనించలేదు కదా అని నేనే ప్రతి స్టేజీకి ఒకసారి కిందికి చూసుకున్నాను.

ఆ భోజనం మా సారు పదకొండో రోజుది. ఆయనే బతికుంటే నాకు ముందే చెప్పేవాడు. సారు ఏ పెండ్లికి పోయినా కుడి చెప్పు ఒక దర్వాజ దగ్గర, ఎడమ చెప్పు ఇంకో దర్వాజ దగ్గర విడిచేవాడు. ఒంటి చెప్పును ఎవడూ ఎత్తుకపోడని ఆయన సిద్ధాంతం. అది నిజమే, ఆయన చెప్పులు ఎన్నడూ పోలేదు. ఎండాకాలం లగ్గాల్లో మాత్రం మొదటి చెప్పు వేసుకుని రెండో చెప్పు దాకా ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయేవాడు. పద్ధతి అన్నాక కొంచెం శ్రమ ఉంటుంది.

మా ఓనర్‌ను అందరూ దొర అంటారు. వాళ్ల తాత ఒక ఊరికి దొర, ఈయన ఇంటర్నెట్‌కు. జగిత్యాలలో ఫైబర్ కంపెనీ పెట్టినప్పుడు దొర సారును డిజైన్‌కు పెట్టుకున్నాడు, నన్ను సారుకు పెట్టాడు. సారు పాత టెలిఫోన్ తీగెల కాలం మనిషి. నేను అప్పుడే ఇంజనీరింగ్ ముగించి, లాప్‌టాప్‌లో గీతలు గీయడం వచ్చినవాణ్ణి. మొదటిరోజు నా మ్యాపు చూపించాను. ఆయన ఒక కళ్లద్దాలతో చూశాడు. వాటిని తీసి, జేబులోంచి రెండో కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు. రెండింటికీ అదే కనబడినట్టుంది.

"ధర్మపురి కాడ గోదాట్ల స్తంభం పెట్టినవ్ తమ్మీ. అందుట్ల దిగేది ఎవలు, నువ్వా నేనా?"

సాఫ్ట్‌వేర్ ప్రకారం గోదావరి మీంచే దగ్గరి దారి అన్నాను. దగ్గరి తొవ్వ ఎవడైనా చెప్తడు, అన్నాడు ఆయన, చాలా సౌమ్యంగా. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు ఎవరు కలిసినా నన్ను 'గోదాట్ల స్తంభం పెట్టిన ఇంజినీరు' అని పరిచయం చేశాడు.

ఆయన డిజైన్లన్నీ పెండ్లి పత్రికల వెనక గీసేవాడు. దళసరి కాగితం, నాలుగు చినుకులు పడ్డా చినగదు, సీజన్ వస్తే దానంతటదే ఇంటికొస్తుంది. మా ఆఫీసు బీరువాలో కోరుట్ల టౌను ఒకవైపు ఉంటే రెండోవైపు ఎవరిదో జీలకర్రబెల్లం ముహూర్తం ఉండేది. సిరిసిల్ల మరమగ్గాల గల్లీలు కావాలంటే గణపతి బొమ్మ ఉన్న ఎర్ర పత్రిక తియ్యాలి. ఒకసారి ఒక కస్టమర్ తన ఇంటికి లైన్ ఎట్లా వస్తుందో చూపించమంటే పత్రిక చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి చదివి, ఈ లగ్గానికి తనను పిలవలేదని అలిగి కనెక్షన్ తీయించుకున్నాడు.

సర్వే అంటే నాకు టేపు, ఫోను. సారుకు నోరు. గల్లీ మొదట్లో చాయ్ హోటల్ దగ్గర నిలబడి దూరం తప్ప అన్నీ అడిగేవాడు. గణపతి ఎంత ఎత్తు కూర్చోబెడతారు, నిమజ్జనానికి ఏ మలుపు తిరుగుతాడు. డీజే బండి ఎక్కి ఎగిరేది ఎవరు. ఏ అన్నదమ్ములు పాలు పంచుకోబోతున్నారు, అంటే నడుమ గోడ ఎక్కడ లేస్తుంది. ఎవరి బర్రె స్తంభానికి ఒళ్లు రాసుకుంటుంది. నా మ్యాపులో గల్లీకి పొడవు ఉండేది, ఆయన మ్యాపులో గల్లీకి గణపతి ఉండేవాడు. ధర్మపురిలో ఒక ముసలామె గడప దగ్గర గంటసేపు కూర్చుని, కోతులు పొద్దున ఏ మిద్దెల మీంచి పోతాయో, సాయంత్రం ఏ మిద్దెల మీంచి వస్తాయో పత్రిక వెనక రాసుకున్నాడు. పోయే తొవ్వ వేరు, వచ్చే తొవ్వ వేరు. కోతుల మీద ఆయనకు ఆ రోజు కలిగిన గౌరవం నా మీద ఎన్నడూ కలగలేదు.

ఖర్చు పెట్టేది దొర కాబట్టి ఆయనది ఒకటే మాట: అగ్గువల గావాలె, తెగొద్దు. సారుదీ ఒకటే మాట: "తెగుతదా అని అడుగకు. తెగినంక ఏంది, అది అడుగు."

ఈ రెండు మాటలూ ఎదురుపడిన రోజు నేను అక్కడే ఉన్నాను. దొర టేకు టేబుల్ మీద సారు చాయ్ గ్లాసు పెట్టి, తీసి, అడుగున పడిన తడి గుండ్రాన్ని వేలితో చూపించాడు. ఇది జగిత్యాల, ఇది కోరుట్ల, ఇది సిరిసిల్ల. జగిత్యాల నుంచి కోరుట్లకు ఒక లైను సీదాగా పోతుంది. ఇంకోటి జగిత్యాల నుంచి సిరిసిల్లకు పోయి, అక్కణ్నుంచి వేములవాడ, రుద్రంగి, కథలాపూర్ మీదుగా వెనకనుంచి కోరుట్లకు వస్తుంది. ఒకవైపు తెగితే కన్ను మూసి తెరిచేలోపు రెండోవైపు అందుకుంటుంది.

"కోరుట్లకు పోవాల్నంటే సిరిసిల్ల మీదికెళ్లి ఎవడన్న పోతడా సారూ?" అన్నాడు దొర.

"సీదా తొవ్వ తెగితే పోతడు దొరా."

"తెగకపోతె? గా రెండో తీగె ఊకెనే పండుకుంటది గదా."

"పండుకునే తీగెను ఎవలు సాదుతరు దొరా. నడుమ ఊర్లకు కనెక్షన్లు ఇద్దాం. దాని కూడు అదే సంపాయించుకుంటది. మనకు పని వడ్డనాడు మన పని చేస్తది."

దొర ఆ తడి గుండ్రం వైపు చూసి సరే అన్నాడు. ఆ మరక టేబుల్ మీద ఇప్పటికీ ఉంది. మా కంపెనీ మొదటి డిజైన్ కాపీ అదే.

రెండు తొవ్వలు ఉండాలి, అవి ఎక్కడా కలవొద్దు. ఇది ఆయనకు ఉద్యోగం కాదు, నడవడిక. ఒక్క స్తంభం మీద రెండు లైన్లు వేస్తే రెండు లైన్లు కాదు, ఒకటే లైను రెండుసార్లు వేసినట్టు అనేవాడు. చొక్కాకు రెండు జేబులు, రెండు పెన్నులు. ప్యాంటుకు బెల్టు, బెల్టు లోపల పిన్నీసు. చుట్టాలింట్లో లగ్గమైతే తను ఒక బస్సులో, భార్య ఇంకో బస్సులో, అది కూడా వేర్వేరు రూట్లలో. ఒక బస్సు చెడిపోయినా ఒకరన్నా చేరుకుంటారని. ఆమెను మేమంతా చిన్నమ్మ అనేవాళ్లం. కోరుట్ల నుంచి సిరిసిల్లకు చిన్నమ్మను వేములవాడ మీదుగా పంపి, తను జగిత్యాల, కరీంనగర్ చుట్టూ తిరిగొచ్చేవాడు. ఈయన చేరేసరికి చిన్నమ్మ కట్నాలు చదివించి, భోజనం చేసి, తిరుగు బస్సుకు రోడ్డు మీద నిలబడి ఉండేది. ఇద్దరూ కిటికీల్లోంచి ఒకరికొకరు చెయ్యి ఊపుకున్న లగ్గాలు కూడా ఉన్నాయట.

సిరిసిల్ల అంటే గుర్తొచ్చింది. తంగళ్ళపల్లిలో ఒక మరమగ్గాల షెడ్డు బయట లైన్ అతుకుతున్నాం. ఫైబర్ పోగు అంటే వెంట్రుకంత గాజు. రెండు కొసలు మిషన్‌లో ఎదురెదురుగా పెడితే అది కరిగించి అతుకుతుంది. దుమ్ము పడొద్దు, గాలి తగలొద్దు. అందుకని నేను గొడుగు పట్టాను. ఆ గొడుగు ఎగిరిపోతే అని ఇంకో గొడుగు చంకలో పెట్టుకున్నాను. షెడ్డులోంచి ఒక పెద్దమనిషి వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎన్ని పోగులు సారూ?"

"ఇర్వై నాలుగు."

ఆయన మా మిషన్ మీదికి వంగాడు. "నా మగ్గం బీముకు వేలు ఉంటయి. నడిచే మిషన్ మీదనే ముడేస్త. నువ్వు ఇర్వై నాలుగు పోగులకు ఒక్క ఇంజినీరు, రెండు గొడుగులు పెట్టినవ్."

సారు తలెత్తి ఆయన వేళ్ల వైపు చూశాడు. నీ ముడి కనబడినా నడుస్తది, నా ముడి కనబడొద్దు, అన్నాడు. అన్నాడు గానీ లోపలికి పోయి అరగంట ఆ ముడి నేర్చుకున్నాడు. తర్వాత మా ఆఫీసులో చెప్పుల తాడు తెగినా, లుంగీ పోగు లేచినా సారే ముడేసేవాడు. ఫైబర్ అతికే పని ఎక్కువగా నా మీద పడింది.

ఇక కోరుట్ల, సారు ఇల్లు ఉన్న ఊరు. కోరుట్లలో లైన్ వెయ్యడానికి అడ్డు కొండలు కావు, వాగులు కావు, దర్వాజలు. ఏ ఇంటివాళ్లూ తమ దర్వాజకు ఎదురుగా స్తంభం పాతనివ్వరు. ఇంటికి మంచిది కాదంటారు. స్తంభాన్ని నాలుగడుగులు జరిపితే పక్కింటి దర్వాజకు ఎదురవుతుంది. అక్కణ్నుంచి జరిపితే ఎదురింటికి. గుంత తవ్విన పోరగాళ్లే దాన్ని పూడ్చి, ఇంకోచోట తవ్వి, మళ్లీ పూడ్చేవాళ్లు. సారు మాత్రం పత్రిక మీద రెండు గల్లీల్లో రెండు గీతలు గీశాడు. జగిత్యాల లైను ముందు గల్లీలోంచి, సిరిసిల్ల మీదుగా వచ్చే లైను వెనక గల్లీలోంచి, రెండూ కోరుట్ల ఆఫీసుకు. స్తంభాలు అటూఇటూ జరిగితే మీరే సర్దుకోండ్రి అని పోరగాళ్లకు చెప్పి, మోకాళ్ల నొప్పితో ఇంటికి పోయి పడుకున్నాడు. ముందు గల్లీ పని ఒక జట్టు చేసింది. మూడు నెలల తర్వాత వెనక గల్లీ పని ఇంకో జట్టు చేసింది. ఆ ఏడాది ఈ రెండు తొవ్వల గుండ్రం, మా భాషలో రింగు, ఒక్కసారి కూడా ఆగలేదు. దొర తనంతట తానే సారుకు చాయ్ తెప్పించాడు. రెండు చాయ్‌లు.

అప్పుడొచ్చింది ఆ లగ్గం. సారువాళ్ల పక్క గల్లీలో ఒకామె బిడ్డ పెండ్లి. పిల్ల తండ్రి మస్కట్‌లో ఒక గోదాంలో పని. సెలవు ఇస్తామని చివరి వారంలో ఇయ్యలేదు. ఆమె కోరుట్ల ఆఫీసుకు వచ్చి, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. ఆయనకు ఆ రోజు గంటసేపు పర్మిషన్ దొరికిందని, పందిట్లో టీవీ పెట్టిస్తానని, మధ్యలో బొమ్మ ఆగకుండా చూడమని అడిగింది.

"తక్కినయి ఏం గాకున్న మంచిదే సారూ. పుస్తె కట్టేటిది ఒక్కటి ఆయినె సూడాలె."

సారు ఎప్పుడూ మాట ఇయ్యడు. తెగినంక ఏంది అనే మనిషి మాట ఎట్లా ఇస్తాడు? ఆ రోజు మాత్రం ఒకే ఒక్క ముక్క అన్నాడు.

"తెగది."

ముహూర్తం పొద్దున పదిన్నరకు. సారూ నేనూ పందిట్లోనే ఉన్నాం. టీవీలో తండ్రి అట్టపెట్టెల నడుమ కూర్చున్నాడు. రూమ్‌మేటు కోటు తొడుక్కున్నాడు, అది బుజాల దగ్గర ఇంకా రూమ్‌మేటుదే అన్నట్టుంది. మస్కట్ నుంచి పెండ్లి మొత్తం ఆయనే నడిపిస్తున్నాడు. ఫ్యాన్ పిల్లగాని దిక్కు తిప్పుండ్రి అన్నాడు, తిప్పారు. గా చిన్నోణ్ణి పల్లెం కాడికెళ్లి తియ్యుండ్రి అన్నాడు, తీశారు. జీలకర్రబెల్లం పెట్టించారు. పంతులు పుస్తెల పల్లెం అందరి చేతులకూ తాకించమని పంపాడు. అప్పుడు తండ్రి ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. ఇక మూయలేదు. బొమ్మ ఆగిపోయింది.

సారు చిరునవ్వుతో నాకు చెయ్యి చూపించి వేళ్లు మడవసాగాడు. మూడో వేలికి రెండో తొవ్వ అందుకోవాలి. అయిదు వేళ్లూ అయిపోయాయి. రెండో చెయ్యి మొదలుపెట్టాడు. అదీ అయిపోయాక నా చేతుల వైపు చూశాడు.

ఎవరో ఫోన్‌తో కలపబోయారు. పందిట్లో ఉన్నవాళ్లందరూ అప్పటికే ఎవరి చుట్టాలకు వాళ్లు ఫోన్లలో పెండ్లి చూపిస్తున్నారు, టవర్ మీద ఖాళీ లేదు. తండ్రి నాలుగు చదరాలుగా కనబడి మాయమయ్యాడు. పల్లెం తిరిగి వచ్చింది. పెండ్లికొడుకు పుస్తెలు పట్టుకుని లేచాడు. పిల్ల మెడ నిటారుగా పెట్టి కూర్చుంది.

"బాపు అచ్చేదాంక నేను తల వంచ."

పంతులు మంచివాడు. ఇంకో పావుగంట వేళ ఉంది, మంత్రాలు మెల్లగా చదువుతానన్నాడు. పిల్ల తల్లి సారు వైపు చూసింది. ఆ చూపు తగలగానే ఆయన లేచాడు, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి లేచినట్టు లేవలేదు. చెప్పులు రెండూ రెండుచోట్ల ఉన్నాయి. వెతికే టైం లేదు. అట్లాగే నా స్కూటర్ ఎక్కాడు.

కోరుట్ల ఆఫీసులో దూరం చెప్పే మిషన్ ఉంటుంది. లైన్‌లోకి వెలుగు పంపి, అది ఎన్ని మీటర్ల దగ్గర పోతుందో చెబుతుంది. జగిత్యాల లైనుకు పెట్టాం. ఎనిమిది వందల పది మీటర్లు. అక్కడ తెగలేదు, వెలుగు కారిపోతోంది. సిరిసిల్ల వైపు లైనుకు పెట్టాం. ఎనిమిది వందల ముప్పై. అక్కడా అంతే. సారు పత్రిక తీసి, వేలితో కొలుచుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. రెండో లైను కొలిచాడు. వేలు మళ్లీ అక్కడికే వచ్చింది. పత్రిక తిప్పి పెండ్లి పిలుపు మొదటినుంచీ చదివాడు, తప్పు అటువైపు ఉందేమో అన్నట్టు. మళ్లీ ఇటు తిప్పాడు.

"మిషన్ వేడైనట్టుంది" అన్నాడు.

ఆ వేలు ఆగింది ఆయన ఇంటి మీద.

సారు ఇల్లు రెండు గల్లీల నడుమ ఉంటుంది. దర్వాజ ముందు గల్లీలోకి, పెరడు వెనక గల్లీలోకి. స్కూటర్ మీద పోతుంటేనే ఇద్దరికీ విషయం అర్థమైంది. ముందు గల్లీలో ఏ దర్వాజ దగ్గరా స్తంభం పాతనివ్వకపోతే మొదటి జట్టు, సారు ఇల్లే కదా అని లైను ఆయన మిద్దె మీదికెక్కించింది. మూడు నెలల తర్వాత వెనక గల్లీలో అదే గొడవ, రెండో జట్టూ అదే అనుకుంది. రెండుసార్లూ చిన్నమ్మ సరే అని చాయ్ పోసింది. సారే చెప్పి ఉంటాడని ఆమె, ఆయనకు తెలిసే ఉంటుందని వాళ్లు. జగిత్యాల నుంచి ఒక తొవ్వ, సిరిసిల్ల, వేములవాడ, రుద్రంగి తిరిగి ఇంకో తొవ్వ, అంత దూరం ఒకదానికొకటి మొహం చూసుకోకుండా వచ్చి, కోరుట్లలో సారు మిద్దె మీద పక్కపక్కన నిలబడ్డాయి, మూరెడు ఎడంతో.

రెండేళ్లలో ఆ మెట్లు మొదటిసారి ఎక్కాడు సారు. పైన రెండు కేబుళ్ల మీద ఎనిమిది బొంతలు. నీళ్లు కారుతున్నాయి. పెండ్లికి వచ్చిన చుట్టాలను ఇంటింటికీ పంచుతారు కదా, ముందురోజు రాత్రి చంటిపిల్లల తల్లులు నలుగురు సారువాళ్లింట్లో పడుకున్నారు. పిల్లలు ఏం చేశారో బొంతలు చూస్తే తెలుస్తోంది. చిన్నమ్మ తెల్లారే లేచి అన్నీ పిండి ఆరేస్తోంది. తొమ్మిదోది చేతిలో ఉంది. ఇన్నాళ్లూ చీరెలు, తువాలలు ఆరేసింది, ఏమీ కాలేదు. తడి బొంత అంటే మనిషంత బరువు. ఆ బరువుకు రెండు కేబుళ్లూ గోడ కొక్కెం దగ్గర మోచెయ్యిలాగా వంగాయి. గాజు అంత వంగితే లోపలి వెలుగు మలుపు తిరగదు, అక్కడే బయటికి కారిపోతుంది.

సారు మొదటి బొంత లేపి బుజాన వేసుకున్నాడు. రెండోది రెండో బుజాన. కింద పెడదామంటే మిద్దె నిండా పెండ్లివాళ్ల వడియాలు, అప్పడాలు. నాకు మూడు వచ్చాయి, ఒకటి నెత్తి మీద. మిగిలిన మూడూ చిన్నమ్మ చేతిలోని దానితో కలిపి ఆమె మీదే వేశాం. చిన్నమ్మ ఎందుకని అడగలేదు, ఆమెకు ఈయనతో కాపురం కొత్త కాదు. వాసన గురించి ఇక్కడ రాయను. కేబుళ్లు మెల్లగా సీదా అయ్యాయి. నేను బొంత కిందినుంచి పందిట్లో ఉన్న మా కుర్రాడికి ఫోన్ చేశాను.

అచ్చిందన్నా, బొమ్మ అచ్చింది, అన్నాడు. మస్కట్ మామ మాట్లాడుతున్నడు.

ఏమంటున్నడు అని అడిగాను.

ఫ్యాన్ మళ్ల ఇటు తిప్పిన్రెందుకు అంటున్నడు.

ఆ వెంటనే పక్క గల్లీలో గట్టిమేళం ఎత్తుకున్నారు. సన్నాయి, డోలు ఒక్కసారిగా లేచాయి. సారు బొంతల నడుమ కదలకుండా నిలబడ్డాడు, తను కదిలితే పుస్తె ముడి జారుతుందేమో అన్నట్టు. మేళం నెమ్మదించాక నన్ను అడిగాడు.

"సూసిండా?"

"సూసిండట. ఏడుస్తున్నడట."

సారు కళ్లద్దాలు తీయబోయాడు, చేతులు ఖాళీ లేవు. చొక్కా, బెల్టు, పిన్నీసు అన్నీ తడిసి నీళ్లు వేళ్ల చివరనుంచి కారుతున్నాయి. నెత్తి మీది నీళ్లు తుడుచుకుంటూ చిన్నమ్మ ఆ రెండు తీగెలనూ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

"ఊరందరికి రెండు రెండు తీగెలు గుంజినవ్. ఇంట్ల బట్టలారేసుకునేతందుకు ఒక్క దండెం కట్టకపోతివి."